పిల్లల టీమ్ ఆటల్లో గాయాల నివారణ పట్ల వైఖరిని, ఆచరణను ఎలా కొలుస్తారు?

"వార్మప్ ముఖ్యమేనా?" అని అడిగితే జట్టులో దాదాపు అందరూ అవుననే అంటారు. చేసేది మాత్రం కొందరే. అందుకే ఈ రెండింటినీ విడివిడిగా కొలవాలి.

వైఖరికి 1 నుంచి 5 లేదా 7 దాకా అంకెలున్న స్కేలు ఇస్తారు. వార్మప్ లాంటి నివారణ పనుల వల్ల మేలుందన్న నమ్మకం, కోచ్, తోటివాళ్లు ఏమనుకుంటారన్న ఆలోచన, చేయగలనన్న ధీమా, చేయాలన్న ఉద్దేశం, వీటిని అడుగుతారు.

అసలు కష్టం ఆచరణ దగ్గరే. ఫుట్‌బాల్‌లో గాయాలు తగ్గించడానికి రూపొందించిన ఫిఫా 11+ వార్మప్‌నే తీసుకోండి: 15 వ్యాయామాలు, సుమారు 20 నిమిషాలు, వారానికి కనీసం 2 సార్లు. కోచ్ డైరీలో "చేశాం" అని టిక్ ఉంటుంది. గ్రౌండ్ పక్కన నిలబడి చూస్తే, ఎగిరి దిగినప్పుడల్లా ఓ అమ్మాయి మోకాళ్లు లోపలికి వాలిపోతుంటాయి, ఎవరూ సరిదిద్దరు. టిక్ ఆ సంగతి చెప్పదు. ఎన్నిసార్లు చేశారు, ఎన్ని వ్యాయామాలు వదిలేశారు, ఎంత సరిగ్గా చేశారు, మూడూ చూడాలి. ఇలా చూడటానికి అనుమతి ముందే తీసుకోండి గానీ, మీరు ఏ రోజు వస్తారో చెప్పకండి.

"గత నెలలో నొప్పి దాచి ఆడావా?" అన్న ప్రశ్న తప్పక ఉండాలి. జట్టులో చోటు పోతుందన్న టెన్షన్‌తో పిల్లలు నిజం చెప్పరు. అందుకే పేరు రాయించకుండా, కోచ్ లేని చోట ప్రశ్నల ఫారం నింపించండి.