విజయనగరంలో ఇంటి షెడ్డులోనే బండలెక్కే జీపు కట్టుకోవచ్చా?

ప్రశ్న: నెల్లిమర్ల దగ్గర పాత జీపు ఒకటి బేరానికి వచ్చింది. ఇంటి పక్క షెడ్డులోనే దాన్ని రాళ్ళెక్కే ఆఫ్‌రోడ్ బండిగా మార్చాలని ఉంది. ముందు పెద్ద ఇంజిన్ వేద్దామనుకుంటున్నాను. మన ఊళ్ళో ఇది అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అయ్యే పనే. మా ఇంటి పక్క రేకుల షెడ్డులో నేను కట్టిన జీపు ఇప్పటికీ నడుస్తోంది. కాకపోతే మీరు అనుకున్న వరస మార్చుకోండి. ఇంజిన్ సంగతి చివర చూడొచ్చు. డబ్బూ ఓపికా ముందు పెట్టాల్సింది ఇంజిన్ తరవాత వచ్చే వాటి మీద. అంటే గేరింగ్, హౌసింగ్‌లు (చక్రాల మధ్య యాక్సిల్‌ షాఫ్టుల్ని మోసే గట్టి గొట్టాలు), బ్రేకులు, స్టీరింగ్.

బురదలో, ఇసుకలో ఊపు మీద బయటపడొచ్చు. రాళ్ళ మీద అదే ఊపు చూపిస్తే చక్రం గాల్లోకి లేస్తుంది, గిర్రున తిరుగుతూ రాయి మీద పడుతుంది, ఆ దెబ్బకి యాక్సిల్ షాఫ్టో, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ తిప్పుడుని యాక్సిల్‌కి చేర్చే కడ్డీ) కీలైన క్రాసో తెగుతుంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగానే, మనిషి నడక కంటే తక్కువ వేగంతో, టైరు రాయిని పట్టుకుని మెల్లగా పైకి పాకాలి. దానికి కావలసింది హార్స్ పవర్ కాదు, గేరింగ్. దీన్నే క్రాల్ రేషియో అంటారు. మొదటి గేరు రేషియో, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్‌లకి శక్తిని పంచే గేర్ల పెట్టె) తక్కువ వేగపు 'లో' రేంజి, యాక్సిల్ మధ్యలో ఉండే క్రౌన్ పినియన్ గేర్ల రేషియో, ఈ మూడింటినీ గుణిస్తే వచ్చే అంకె అది.

మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపులు ఇక్కడ బిగించడంతో మొదలుపెట్టారు. మన పల్లెల్లో మిగిలిన పాత జీపులు చాలావరకు ఆ వంశమే, కాబట్టి లెక్కకి విల్లీస్ సీజే-3బీ తీసుకుందాం. మొదటి గేరు 2.798, లో రేంజి 2.46, క్రౌన్ పినియన్ 5.38. గుణిస్తే 37. ఇంజిన్ 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఐడిల్ 800 ఆర్‌పీఎం అనుకుంటే, 28 అంగుళాల పాత టైరుతో గంటకి 2.9 కిలోమీటర్లు. అదే జీపుకి 33 అంగుళాల టైర్లు వేస్తే 3.4 అవుతుంది. పెద్ద టైర్లు వేసుకున్న సంబరంలో చాలామంది గమనించనిది ఇదే. టైరు పెరిగిన కొద్దీ మీకున్న గేరింగ్ కరిగిపోతుంది, బండి పాకే శక్తి తగ్గుతుంది. మొదటి గేరు 4 దగ్గరున్న నాలుగు గేర్ల బాక్సు పెడితే అంకె 53కి పోతుంది, 33 అంగుళాల టైరుతో కూడా వేగం 2.4కి దిగుతుంది. రెండు ట్రాన్స్‌ఫర్ కేసులు వరసగా పెట్టేవాళ్ళూ ఉన్నారు, అప్పుడు 37 కాస్తా 91 అవుతుంది. మన దగ్గర మొదటి బండికి 50 దాటితే చాలు అని నా అభిప్రాయం.

మారుతి జిప్సీ ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్ట్‌తో విడిగా ఉంటుంది. అందుకే ఇళ్ళ దగ్గర బండ్లు కట్టుకునేవాళ్ళకి అది ఇష్టం, ఏ గేర్‌బాక్సు వెనకైనా అమర్చుకోవచ్చు. అయితే ముందూ వెనకా హౌసింగ్‌ల గుండు (క్రౌన్ పినియన్ ఉండే ఉబ్బెత్తు భాగం) ఏ పక్కకి ఉందో, ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ కూడా ఆ పక్కకే ఉండాలి. అది చూడకుండా పాత సామాను కొంటే షాఫ్ట్ అడ్డంగా పోతుంది.

ఇక పనివాళ్ళ సంగతి. ఈ విషయంలో మన ప్రాంతం అదృష్టం చేసుకుందని నమ్ముతాను. సాలూరు ఉంది మనకి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళినా, మా తరానికి అది విజయనగరం సాలూరే. సుంకి ఘాటీ ఎక్కి కొరాపుట్ వైపు పోయే లారీలతో బతికే ఊరు. కమాన్ కట్టలకి (లీఫ్ స్ప్రింగులకి) వంపు సరిచేసేవాళ్ళు, హౌసింగ్ వంకర తీసేవాళ్ళు, ఛాసిస్ అతికేవాళ్ళు అక్కడ దొరుకుతారు. బరువు మోస్తూ ఘాటీ దిగే బండికి ఏది ముందు తెగుతుందో వాళ్ళకి చేతుల్లోనే తెలుసు. నా హౌసింగ్‌లు చూసిన ఒక పెద్దాయన ఇంజిన్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. "ఇంజినెప్పుడైనా దొరుకుతాది బాబూ, హౌసింగు వొంకరైతే ఏటి సేస్తావు?" అన్నాడు. ఆ మాట ఈ రోజుకీ నాకు పాఠమే. పెద్ద నగరాల వర్క్‌షాపులకి ఫోన్లు చేసే ముందు ఒక పూట సాలూరు వెళ్ళి రండి.

షెడ్డులో ముందు చూసుకోవాల్సింది కరెంటు. ఇంట్లో ఏసీ కోసం వేసిన 15 ఆంప్స్ ప్లగ్గుకి వెల్డింగ్ మెషీన్ తగిలిస్తే వైరు వేడెక్కుతుంది. ఇంటికి మంజూరైన లోడు ఎంతో చూసుకుని, మీటరు నుంచి విడిగా మందం వైరు, దానికో ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు), గట్టి ఎర్తింగ్ వేయించండి. మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. ఛాసిస్ లాంటి బరువైన పనికి వాడే 7018 రకం వెల్డింగ్ రాడ్లు ఆ తేమ పీల్చుకుంటే వెల్డులోకి హైడ్రోజన్ చేరుతుంది, పైకి నున్నగా కనిపించిన అతుకు తరవాత పగులుతుంది. ప్యాకెట్ విప్పాక ఆరుబయట వదిలేయకండి, పొడిగా వేడిచేసి వాడండి. హౌసింగ్ మీద వెల్డింగ్ అయితే ఒకే చోట పొడుగ్గా లాగకూడదు. అంగుళం, అంగుళంన్నర చొప్పున అటూ ఇటూ మార్చి వేస్తూ, మధ్యలో చల్లారనివ్వాలి. లేకపోతే ట్యూబు వంగిపోయి బేరింగులూ సీళ్ళూ వరసగా పోతాయి. బ్యాటరీ టెర్మినళ్ళు విప్పడం, డీజిల్ ట్యాంకు బయట పెట్టడం, మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచడం, వీటిలో ఏదీ వాయిదా వేయొద్దు. మా పక్కింట్లో పశువులున్నాయి, గడ్డికుప్ప ఉంది. గ్రైండర్ నిప్పురవ్వలు అటు పడకుండా రేకు అడ్డం పెట్టాకే మిషన్ ఆన్ చేసేవాణ్ణి. వెల్డింగ్ వెలుగు చూడ్డానికి వీధి పిల్లలు చేరతారు, ఆ రేకు వాళ్ళ కళ్ళకీ కాపుదలే.

రోల్ కేజ్ (బండి బోల్తా పడితే తల కాపాడే పైపుల చట్రం) దగ్గర మాత్రం దయచేసి నా మాట వినండి. మన వైపు చాలా జీపులకి నీళ్ళ జీఐ పైపు వంచి కేజ్ అంటున్నారు. అది కేజ్ కాదు. ఆ పైపు నీళ్ళు మోయడానికి చేసింది, తల కాపాడటానికి కాదు. పైగా మీద ఉన్న జింకు పూత వెల్డింగ్‌లో పొగై ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ రాత్రికి చలిజ్వరం ఖాయం. పక్కకి మెల్లగా ఒరిగిన జీపు మీద అలాంటి పైపు చదునుగా నొక్కుకుపోవడం నా కళ్ళతో చూశాను. డ్రైవరు బతికాడు, బెల్టు పెట్టుకుని వంగి ఉన్నాడు కాబట్టి. పోటీల బండ్లకి ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు పోటీల సమాఖ్య) నియమాల్లో మెయిన్ హూప్‌కి, అంటే సీట్ల వెనక నిలిచే ముఖ్యమైన వంపుకి, కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ (అతుకు లేని) పైపు వ్యాసం 45 మిల్లీమీటర్లు, 2.5 మందం, లేదా 50 మిల్లీమీటర్లు, 2 మందం అని ఉంటుంది. దాన్నే కొలతగా పెట్టుకోండి. పైపు వంచేటప్పుడు నొక్కుపడితే ఆ ముక్క పక్కన పడేయండి. కేజ్ కాళ్ళు పలచటి బాడీ రేకు మీద కాకుండా ఛాసిస్ మీద, మందం ప్లేటు వేసి దిగాలి.

సస్పెన్షన్‌కి మొదటి బండి కమాన్ కట్టలతోనే కట్టుకోండి. వీడియోల్లో కనిపించే నాలుగు లింకుల కాయిల్ సస్పెన్షన్ అందంగా వంగుతుంది, నిజమే. కానీ బ్రాకెట్ల కోణాల లెక్క తేడా వస్తే ఎక్కుడులో బండి వెనక్కి కూలబడుతుంది. కమాన్ కట్టలు యాక్సిల్‌ని పట్టుకుని ఉంచుతాయి, తేడా వస్తే సాలూరులోనో, విశాఖ ఆటోనగర్‌లోనో ఎవరైనా సరిచేస్తారు. ఎత్తు మాత్రం టైరు తగలకుండా ఉండేటంతే పెంచండి. పక్క వాలు మీద బండిని నిలబెట్టేది కింద ఉన్న బరువే. ఒక ముందు చక్రాన్ని మొద్దు మీదికి ఎక్కించి, వేలాడే చక్రం ఎంత కిందికి దిగుతుందో చూడండి. అక్కడ బ్రేకు హోస్ బిగుతుగా లాగుతోందా? కొలిచేది బండి నేల మీద నిలబడి ఉన్నప్పుడు కాదు, పూర్తిగా వేలాడినప్పుడే. పొట్టి హోస్ రాళ్ళ మధ్య తెగితే దిగుడులో ఇక పట్టుకునేది ఏదీ ఉండదు.

బ్రేకుల్లో ఇంకొకటి. చాలా పాత జీపుల్లో హ్యాండ్‌బ్రేకు ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పని చేస్తుంది. షాఫ్టు క్రాస్ తెగిన క్షణంలో ఆ హ్యాండ్‌బ్రేకు కూడా పోయినట్టే. అందుకే డ్రమ్ములు తీసి నాలుగు చక్రాలకీ డిస్కులు పెట్టించి, వెనక చక్రాల దగ్గరే పట్టే హ్యాండ్‌బ్రేకు వేయించాను. నా బండి మీద పెట్టిన డబ్బులో నాకు నిశ్చింత ఇచ్చింది అదే.

డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకీ తిరుగుడు పంచే గేర్లు) లాక్ చేసే ఏర్పాటు లేకపోతే రాళ్ళ మీద పని జరగదు. ఒక చక్రం గాల్లో ఉంటే తిరుగుడంతా దానికే పోతుంది, నేల మీదున్నది కదలదు. లోపలి చిన్న గేర్లని వెల్డు చేసేస్తే ఖర్చు లేకుండా లాక్ అయిపోతుందని చెప్పేవాళ్ళు దొరుకుతారు. గట్టిపరిచిన ఆ ఉక్కు మీద వేసిన వెల్డు పగిలి ముక్కలు క్రౌన్‌లో పడితే హౌసింగ్ మొత్తం పోతుంది. కొంచెం ఆగి లాకర్ కొనుక్కోండి, వెనక ఒక్కదానికైనా సరే.

కాగితాల విషయం సూటిగా చెప్తాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. కాబట్టి ఇది రోడ్డు మీద తిప్పే బండి కాదని మొదటి రోజే తీర్మానించుకోండి. నాది లారీ మీద ఎక్కించుకునే వెళ్తాను. బజారుకి వెళ్ళడానికి వేరే బండి ఉంది.

నడిపేది ఎస్.కోట వైపు మా మామయ్య జీడితోటలో. కొండ కింద వాగు, దాని పొడవునా గుండ్రాళ్ళు. రిజర్వు ఫారెస్టులోకి చక్రం పెట్టొద్దు, రామతీర్థం లాంటి గుడి కొండల జోలికీ పోవద్దు. సొంత స్థలమో, యజమాని ఒప్పుకున్న స్థలమో ఉండాలి. మన తూర్పుకనుమల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైట్ రాయి. ఎండాకాలం టైరుకి బాగా పట్టు ఇస్తుంది. వానలు పడి పాచి పట్టాక అదే రాయి మీద మనిషి కూడా నిలబడలేడు. నేను జనవరి నుంచి మే వరకే వెళ్తాను. టైర్లలో గాలి 12 నుంచి 15 పీఎస్ఐకి దించుతాను, టైరు మెత్తబడి రాయి మీద పరుచుకుంటుంది. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచుని బిగించి పట్టే రిమ్ములు) లేకుండా అంతకంటే దించితే టైరు రిమ్ము నుంచి జారిపోవచ్చు. పక్కన ఇంకో బండి, చేతి సైగలతో దారి చూపే మనిషి లేకుండా ఎప్పుడూ బయల్దేరను.

ఇప్పుడు మీ జీపు దగ్గరికి వద్దాం. బేరం ఖాయం చేసే ముందు ఛాసిస్‌ని కమాన్ బ్రాకెట్ల దగ్గర సుత్తితో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల తుప్పు తినేసినట్టు. తరవాత క్రౌన్ పినియన్ రేషియో మీరే కొలవొచ్చు. సమతలంగా ఉన్న చోట ముందు చక్రాలకి గట్టిగా అడ్డాలు పెట్టి, వెనక ఒక చక్రాన్ని మాత్రం జాకీతో లేపండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేకు షాఫ్టు మీదదైతే అదీ వదిలేయాలి, అందుకే ఆ అడ్డాలు. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ రేషియో. అయిదుంబావు దాటి ఇంకాస్త తిరిగితే అది 5.38. ఆ అంకె, గేర్‌బాక్సు మీద ఉన్న నంబరు, హౌసింగ్‌ల ఫోటోలు ఇక్కడ పెట్టండి. మీ ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంచుకోవాలా మార్చాలా అన్నది వాటిని చూసి చెప్తాను.