మిషనుకు పైసాతో సహా సర్దేశారు, మరి ఇంటికి?

ప్రశ్న: సార్, మాది ప్రొద్దుటూరు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, నెలకు సగటున 18,000 వస్తుంది. మా ఆయన బట్టల షాపులో పని, జీతం 16,000. ఇద్దరు పిల్లలు. బాడుగ, ఫీజులు అన్నీ కలిపి 26,000 ఖర్చు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను కొనాలనుకుంటున్నాను, ధర 4,20,000. బంగారం పెట్టి 2 లక్షలు, తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి లక్షన్నర, గడువు తీరిన పోస్టాఫీసు ఆర్‌డీ 70,000, సరిగ్గా సరిపోతుంది. రోజుకు ఐదు జాకెట్లు, ఒక్కోటి 800, నెలకు లక్ష వస్తుందని డీలరు చెప్పాడు. ఇప్పుడు నా దగ్గర నెలకు ఎనిమిది, పదిమంది వర్క్ అడుగుతారు, వాళ్లను వేరేచోటికి పంపిస్తున్నాను. శ్రావణానికి మొదలుపెట్టాలని ఉంది. లోను ఇలా తీసుకోవచ్చా? స్టెబిలైజర్ పేపర్లు చాలా రకాలు ఉన్నాయంట, మొదట ఏవి కొనాలి?

జవాబు: అమ్మా, మీరు రాసినదాంట్లో నాకు బాగా టెన్షన్ పెట్టిన మాట ‘సరిగ్గా సరిపోతుంది’. ఇలాంటి ఉత్తరాలు టైలరింగ్ వాళ్ల నుంచే కాదు, జిరాక్స్ షాపు పెట్టేవాళ్లు, పిండిమర పెట్టేవాళ్లు, అందరి నుంచీ వస్తాయి. మిషను ధరకు పైసాతో సహా లెక్క వేస్తారు, మిషను ఇంట్లో దిగిన మర్నాటి నుంచి ఇల్లు ఎలా నడవాలో మాత్రం వెయ్యరు. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

మొదట డీలరు లెక్క చూద్దాం. పెళ్లి జాకెట్టుకు వీపు, రెండు చేతులు, మెడ కలిపి లక్ష కుట్ల డిజైన్ అనుకోండి. మిషను నిమిషానికి 700 కుట్లు వేస్తే ఒక్క జాకెట్టుకే 143 నిమిషాలు. ఐదు జాకెట్లంటే దాదాపు 12 గంటలు, అదీ దారం ఒక్కసారి కూడా తెగకుండా, కరెంటు పోకుండా, ఫ్రేము మార్చే టైము కూడా లేకుండా. మరి ఇప్పుడు 18,000 తెచ్చిపెడుతున్న కుట్టుపని ఎవరు చేస్తారు? అది వదిలేయండి, రోజుకు ఐదంటే నెలకు 125 జాకెట్లు కావాలి, మీ దగ్గర అడిగేవాళ్లు పదిమంది. పది జాకెట్లకు 800 చొప్పున 8,000. దాంట్లో దారం, పేపరు, కరెంటు పోవాలి. వడ్డీయో, బంగారం మీద బ్యాంకులో ఏడాదికి 10 శాతం అనుకున్నా నెలకు 1,670 దాకా, రెండు రూపాయల వడ్డీ మీద నెలకు 3,000, మొత్తం 4,670. ఇంత కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నూటికి రెండే కదా అని నోటితో అనేటప్పుడు చిన్నగా వినిపిస్తుంది, ఏడాది తిరిగేసరికి 36,000 కట్టి కూడా అదే లక్షన్నర బాకీ ఉంటారు. తెలిసినవాళ్లే కదా అంటారు, తెలిసినవాళ్లయితే వడ్డీ తగ్గించారా? ఇంటి ముందుకొచ్చి అడిగేదీ ఆ తెలిసినవాళ్లే. దీని గురించి ఇంతకంటే మర్యాదగా రాయడం నా వల్ల కాదు, ఆ అప్పు తీసుకోవద్దు.

ఇక ఆషాఢం సంగతి చూద్దాం. పెళ్లిళ్లు ఉండవు, కుట్టుపని సగానికి పడిపోతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. 18,000 కాస్తా 9,000 అయితే ఇంటికి వచ్చేది 25,000, ఖర్చు 26,000, పైన వడ్డీ 4,670. అంటే ఆ నెల 5,670 తక్కువ. చేతిలో ఆర్‌డీ లేదు, బంగారం తాకట్టులో ఉంది. పిల్లాడికి జ్వరమొచ్చి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారనుకోండి, ఎక్కడికి వెళ్తారు? మళ్లీ ఆ రెండు రూపాయల వాళ్ల దగ్గరికే, ఈసారి మూడు రూపాయలంటారు. నేను చూసిన చాలా ఇళ్లలో వ్యాపారం నష్టం వచ్చి మునగలేదు, ఇలాంటి రెండు నెలలు దాటలేక మిషను సగం ధరకు అమ్ముకున్నారు.

కాబట్టి మిషను కంటే ముందు అత్యవసర నిధి. మీ ఇంటి ఖర్చుకు ఆరు నెలలంటే 1,56,000. అది ఇప్పుడే కుదరదు, కనీసం నాలుగు నెలలది 1,04,000 ఉండాలి. మీ దగ్గర 70,000 ఉంది కదా, అంటే మూడింట రెండు వంతులు అయిపోయినట్టే! నెలకు 8,000 మిగులుతోందని మీ లెక్కే చెబుతోంది, అందులో 6,000 పక్కన పెడితే ఆరు నెలల్లో మిగతాది పూర్తవుతుంది. ఆ 70,000 మిషను వైపు కన్నెత్తి కూడా చూడకూడదు. బ్యాంకులో ఫిక్సెడ్ వేయండి, ఇద్దరి పేరు మీదా, ఎప్పుడంటే అప్పుడు తీసేలా.

స్టెబిలైజర్ల గురించి అడిగారు. డబ్బు సలహాలు చెప్పేవాణ్ణి, ఇది నా సబ్జెక్టు కాదనుకుంటారేమో, మీ పనిలో డబ్బు పోయేది చాలావరకు ఇక్కడే కాబట్టి నాకూ సంబంధం ఉంది. ఈ పని చేసే క్లయింట్ల షాపుల్లో కూర్చుని చూసిందే చెబుతున్నా. సూది ఒకే చోట వేలసార్లు దిగుతుంటే గుడ్డ లోపలికి లాక్కుంటుంది, అది లాక్కోకుండా కింద పట్టి ఉంచేదే ఈ పేపరు. చింపేసే రకం చవక, పని త్వరగా అవుతుంది, కాబట్టి కొత్తవాళ్లందరూ అన్నిటికీ అదే వాడతారు. కాటన్ మీద చిన్న బుటా వరకు ఇబ్బంది లేదు. పట్టు జాకెట్టు మీద నిండు డిజైన్ వేస్తే సూది పోట్లకు ఆ పేపరు మధ్యలోనే చిరిగిపోతుంది, ఆ తర్వాత గుడ్డను పట్టుకునేది ఏదీ ఉండదు, డిజైన్ చుట్టూ ముడతలొస్తాయి. ఇస్త్రీ పెట్టినా ఆ ముడతలు పోవు.

అందుకని నిండు వర్కుకు, సాగే గుడ్డలకు, పిల్లల టీషర్టులకు, కత్తిరించి అంచు మాత్రం తీసేసే రకం వాడాలి, అది లోపల జీవితాంతం ఉండిపోతుంది. గుచ్చుకుంటుందని భయపడతారు గానీ మీరు జాకెట్టుకు ఎలాగూ లైనింగ్ వేస్తారు, అది కనబడదు, ఒంటికి తగలదు. జార్జెట్, క్రేప్ లాంటి పల్చటి వాటికి ఇందులోనే మెత్తటి జాలీ రకం ఉంటుంది. నెట్ చేతులకు నీళ్లలో కరిగేది. కానీ దాన్ని పట్టుకు వాడొద్దు, కరిగించాలంటే తడపాలి, తడిపితే పట్టు మీద మరకలు పడొచ్చు, రంగు దిగొచ్చు. వెల్వెట్‌కు కింద ఒక పేపరు, పైన పల్చటి కరిగే ఫిల్మ్, లేకపోతే కుట్లు నూగులో మునిగిపోతాయి. ఆ ఫిల్మ్‌ను పైకి లాగేసి, మిగిలిన ముక్కలు కొద్ది తడితో తీసేస్తారు. మొదట రెండు రకాలు చాలు, కత్తిరించేది ఒక రోల్, చింపేది ఒక రోల్. కరిగేది మీటర్ల లెక్కన తెచ్చుకోండి. ఫ్రేములో పేపరును డప్పులా బిగించండి, గుడ్డను మాత్రం లాగొద్దు, లాగి బిగించిన గుడ్డ ఫ్రేము తీయగానే వెనక్కి ముడుచుకుంటుంది.

ఇప్పుడు డబ్బు విషయం. చీరతో పాటు వచ్చిన జాకెట్టు గుడ్డ పాడైతే అలాంటిది బజారులో దొరకదు, అదే రంగు, అదే అంచు ఎక్కడినుంచి తెస్తారు? మీటరు గుడ్డ డబ్బులిస్తానంటే కస్టమర్ ఊరుకోదు, చీర ధర అడుగుతుంది, అదీ శ్రావణంలో, నలుగురి ముందు. అందుకే ప్రతి డిజైన్ ముందు అలాంటి గుడ్డ ముక్క మీదే, అదే పేపరుతో వేసి చూడాలి. అయినా మొదటి నెలల్లో కొన్ని పాడవుతాయి. దీనికి 15,000 నుంచి 20,000 విడిగా ఉంచుకోవాలి, పైన చెప్పిన నిధిలోంచి కాదు. మీ 4,20,000లో ఈ డబ్బు లేదు, యూపీఎస్ లేదు, దారం కోన్లు లేవు, పేపరు కూడా లేదు. శ్రావణానికే మొదలుపెడతానంటున్నారు, అంటే చెయ్యి కుదరకముందే జనం పట్టు గుడ్డల మీద నేర్చుకుంటారన్నమాట.

ఏం చేయాలంటే, ఈ శ్రావణానికి మిషను కొనొద్దు. మిషనున్న వాళ్లతో మాట్లాడుకుని జాబ్‌వర్క్ ఇవ్వండి. కస్టమర్ దగ్గర 800 తీసుకుని వాళ్లకు 500 ఇచ్చారనుకోండి, పది జాకెట్లకు 3,000, అప్పు లేదు, వడ్డీ లేదు. ఇన్నాళ్లూ ఆ ఆర్డర్లను ఊరికే బయటికి పంపించేశారు. ఒక నోటుబుక్కులో ప్రతి ఆర్డరూ రాయండి, ఏ గుడ్డ, ఏ డిజైన్, ఎంతకు, ఏ నెల. గుడ్డ ఇచ్చేటప్పుడు ఏ పేపరు వేస్తున్నారో పక్కన నిలబడి చూడండి. ఆషాఢంతో కలిపి రెండు సీజన్లు గడిచాక నెలకు సగటున 30 ఆర్డర్లు వస్తుంటే అప్పుడు మళ్లీ రాయండి, మిషను కొనమని నేనే చెబుతాను. ఈలోగా ఇంట్లో నేర్చుకోవాలనుంటే లక్షలోపు చిన్న ఎంబ్రాయిడరీ మిషన్లు ఉన్నాయి, రంగు మారినప్పుడల్లా దారం మనమే మార్చాలి, ఫ్రేము చిన్నది. అది కూడా నిధి నిండాకే.

అప్పుడు లోను కావాలంటే ఒక్కొక్క ముక్క చెబుతా. పీఎం విశ్వకర్మలో దర్జీలు ఉన్నారు, మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీ, 18 నెలల్లో తీర్చాలి, మీ సచివాలయంలో అడగండి. ముద్రలో కిశోర్ కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. డ్వాక్రా గ్రూపులో ఉంటే మొదట అక్కడే అడగండి. బంగారం చివరి మాట, అదీ బ్యాంకులోనే. మీ ఆయన పేరు మీదా, మీ పేరు మీదా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఈ వారమే చేయించండి.

ఆఫర్ నెలాఖరు వరకే అని డీలరు చెప్పి ఉంటాడు, అందరికీ అలాగే చెబుతారు. అతన్ని రెండు అడగండి: బోర్డు పోతే మెకానిక్ ఏ ఊరి నుంచి వస్తాడు, ఎన్ని రోజుల్లో వస్తాడు. జవాబు కాగితం మీద రాసిమ్మనండి. అడ్వాన్సు మాత్రం ఇప్పుడు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.