సాయంకాల బడుల పనిలో ఫోన్లు, ఆన్‌లైన్ సాధనాలు: ఏజెన్సీ పల్లెల్లో మా అనుభవం

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. 20 పల్లెల్లో సాయంకాల బడులు నడుపుతున్న మీ సంస్థ, పిల్లల హాజరు, చదువు స్థాయి, వాలంటీర్ల నివేదికలు అన్నీ ఈ జూన్ నుంచి ఫోన్ల ద్వారానే సేకరించాలనుకుంటోందని, అందుకు ఏ యాప్‌తో మొదలుపెడితే మంచిదో చెప్పమని అడిగారు. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయిన ఏజెన్సీ ప్రాంతంలో, అది ఇంకా విశాఖపట్నం జిల్లాలో ఉన్నప్పటి నుంచి ఆరేళ్ళపాటు నేను ఇదే పనికి సమన్వయకర్తగా ఉన్నాను. యాప్ పేరు చెప్పడం తేలిక, ఈ జవాబులోనే చెబుతాను. కానీ మేము మొదటి ఏడాది చేసిన పొరపాటు చెప్పకుండా ఆ పేరు ఒక్కటే చెబితే మీకు మేలు చేసినవాణ్ణి కాను.

2018లో మేము 34 కేంద్రాలకు, ఫోనులో ఫారాలు నింపి సమాచారం సేకరించే కోబో టూల్‌బాక్స్ అనే సాధనంలో ఒక ఫారం తయారుచేశాం. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఓపెన్ డేటా కిట్ పద్ధతి మీదే ఇది కూడా నడుస్తుంది. సిగ్నల్ లేకపోయినా ఫారం తెరుచుకుంటుంది, నింపినవి ఫోనులోనే భద్రంగా ఉంటాయి, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాక వాటిని పంపవచ్చు. ప్రశ్నలన్నీ తెలుగులోనే పెట్టుకోవచ్చు, ఒక జవాబును బట్టి తరువాతి ప్రశ్న రావాలో వద్దో ముందే నిర్ణయించవచ్చు, నింపిన చోటు, సమయం కూడా నమోదయ్యేలా చేయవచ్చు. కొండ ఎక్కితే తప్ప సిగ్నల్ అందని మా ఊళ్ళకు ఇంతకంటే తగినది లేదనిపించి, ఆ ఉత్సాహంలో 62 ప్రశ్నలు పెట్టేశాం. రెండు నెలలు సమాచారం ధారగా వచ్చింది. దాతలకు పంపే నివేదికలో రంగురంగుల పటాలు వేసి ఎంతో సంతోషపడ్డాం.

ఆగస్టులో ఒక రాత్రి ఆ పట్టికను వరుసగా చూస్తుంటే, దాదాపు సగం కేంద్రాల ఫారాలు ఒకే చోట, వారానికి ఒకే రోజున, ఒకే గంటలో నింపినట్టు కనిపించింది. ఆ చోటు మండల కేంద్రంలోని సంత మైదానం. వాలంటీర్లు సంతకు వచ్చినప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చుని, వారం మొత్తం హాజరును గుర్తున్నంత వరకు రాసి పంపేస్తున్నారు. మా పటాలన్నీ ఆ గుర్తు మీద గీసినవే.

నాకు కోపం వచ్చిన మాట నిజం. మరుసటి సమావేశంలో కాస్త గట్టిగానే అడిగాను. అప్పుడు ఇంటర్ పూర్తిచేసిన ఒక వాలంటీరు అమ్మాయి లేచి నిలబడి ఇలా చెప్పింది: "సార్, పిల్లలు వెళ్ళాక ఇంటికి వెళ్ళి వంట చేస్తాను. అన్నయ్య పడుకున్నాక అతని ఫోను తీసుకుని మీ ప్రశ్నలు నింపాలి. ఆ ఫోను రోజూ దొరకదు. రెండు నెలలుగా ఎన్నో పంపాను, అందులోంచి ఒక్క ముక్కైనా నాకు తిరిగి రాలేదు." పిల్లల ఇళ్ళ గురించి, తల్లిదండ్రుల చదువు గురించి, మరుగుదొడ్ల గురించి 62 ప్రశ్నలు వేసిన మేము, "మీ ఫోను మీదేనా?" అన్న ప్రశ్న ఒక్కటి వేయలేదు. వెంటనే కనుక్కుంటే, మా మహిళా వాలంటీర్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నవి కీప్యాడ్ ఫోన్లే, యాప్ నడిచే ఫోను అన్నదో భర్తదో. పగలంతా ఆ ఫోను వాళ్ళతో పొలానికో పనికో వెళ్ళిపోతుంది.

ఆ మాట విన్న తరువాత పని మొత్తం తిరగేశాం. రోజువారీ హాజరును మళ్ళీ కాగితపు పట్టీలోకి మార్చాం, అది ఇప్పటికీ కాగితం మీదే ఉంది, ఉండాలనే నా అభిప్రాయం. ఫోనులో నింపేది నెలకు ఒక్కసారి, 9 ప్రశ్నలు మాత్రమే. వాటిలో ముఖ్యమైనది ప్రతి బిడ్డ చదివే స్థాయి. పల్లెల్లో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ వాడే పద్ధతినే మేమూ తీసుకున్నాం: బిడ్డ అక్షరాలు గుర్తుపడుతుందా, పదాలు చదువుతుందా, ఒకటో తరగతి స్థాయి పేరా చదువుతుందా, రెండో తరగతి స్థాయి కథ చదువుతుందా. ఒక్కో బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చూడడానికి కొద్ది నిమిషాలు చాలు. వాలంటీరు దగ్గర ఫోను లేకపోతే కాగితం మీద రాసి సంతలో ఇస్తే, మా క్షేత్ర సహాయకుడు తన ఫోనులో ఎక్కించేవాడు.

అసలు మార్పు దాని తరువాతి మెట్టులో ఉంది. వచ్చిన సమాచారాన్ని గూగుల్ షీట్‌లోకి తెచ్చి, కేంద్రానికి ఒక పేజీ చొప్పున తయారయ్యేలా సూత్రాలు రాసుకున్నాం. ఆ పేజీలో బిడ్డ పేరు, పోయిన నెల స్థాయి, ఈ నెల స్థాయి ఉంటాయి. రెండు నెలలుగా కదలని పిల్లల పేర్ల పక్కన ఒక చుక్క ఉంటుంది. దాన్ని ముద్రించి సంత రోజున ప్రతి వాలంటీరు చేతికి ఇచ్చేవాళ్ళం. ఒక్క కాగితం, అంతే. మూడో నెలలో ఒక వాలంటీరు నాకు ఫోను చేసి, "మా కేంద్రం కాగితంలో ఇద్దరి స్థాయి తప్పు పడింది, నేనే తొందరలో తప్పు నింపాను, మార్చండి" అన్నాడు. అంతవరకు ఎవరూ తమ సమాచారంలో తప్పుందని ఫోను చేయలేదు, ఎందుకంటే ఆ సమాచారంతో వాళ్ళకు పనిలేదు. నా ఆరేళ్ళ అనుభవంలో ఏ సాధనం నిలిచింది, ఏది మూలపడింది అని వెనక్కి తిరిగి చూసుకుంటే, ప్రతిసారీ తేడా ఇక్కడే కనిపిస్తుంది: నింపే మనిషికి తన పనిలో ఉపయోగపడేది తిరిగి అందిందా లేదా అన్నది.

వాట్సాప్ సంగతి. మీరు ఎలాగూ వాడతారు, వాడాలి కూడా, ఎందుకంటే అది నేర్పవలసిన అవసరం లేదు. ఆ కొండల్లో టైపు చేయడానికి ఇబ్బందిపడే వాళ్ళు కూడా గొంతు సందేశం హాయిగా పంపుతారు. అయితే మేము అందరినీ ఒకే గ్రూపులో వేయడం వల్ల మా అమ్మాయిల నంబర్లు అందరికీ కనిపించాయి, ఇద్దరికి రాత్రిపూట ఎవరెవరి నుంచో ఫోన్లు వచ్చాయి. వాళ్ళలో ఒకరు పనే మానేశారు. ఆ తప్పు పూర్తిగా మాది. తరువాత పెద్ద గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చి, మహిళా వాలంటీర్లను అందులోంచి తీసి వాళ్ళకు వేరే గ్రూపు పెట్టి, దాన్ని నడిపే బాధ్యత వాళ్ళలోనే ఒకరికి ఇచ్చాం. నివేదికలను మాత్రం వాట్సాప్‌లో తీసుకోకండి. నెల తిరిగేసరికి శుభోదయం బొమ్మల కింద ఏ కేంద్రం నివేదిక ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

పిల్లల ఫోటోల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఆ చట్టం రాకముందే ఒక తండ్రి మా దగ్గరకు వచ్చి, తన కూతురు చిరిగిన గౌనుతో ఉన్న ఫోటోను గ్రూపులో ఎందుకు పెట్టారని అడిగాడు. ఆయన ఒక్క మాట కూడా దురుసుగా మాట్లాడలేదు, అందుకే నాకు మరింత సిగ్గనిపించింది. ఆ రోజు నుంచి పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు అడగడం మానేశాం. పట్టికలో కూడా పేర్లున్న షీటును ముగ్గురికి మాత్రమే తెరిచి, మిగతా వారికి సంఖ్యలు మాత్రమే ఉన్న షీటును పంచాం. దాతలకు ముఖాలు కావాలంటే పిల్లలు గీసిన బొమ్మలు పంపండి.

కలిసి రాసే పని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన పని అదే. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు. బడిలో అడుగుపెట్టేసరికి తెలుగు వాళ్ళకు పరాయి భాష. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రభుత్వం బహుభాషా విద్య మొదలుపెట్టి పుస్తకాలు వేసింది కానీ, మేము వెళ్ళేనాటికి మా ఊళ్ళలో అవి చేతికి దొరకలేదు. అందుకని కువి, తెలుగు పదాలతో ఒక బొమ్మల పుస్తకం మేమే చేయాలనుకున్నాం. ఇద్దరు వాలంటీర్లు, ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విశాఖలో ఉండే ఒక భాషాశాస్త్ర విద్యార్థిని, నేను గూగుల్ డాక్స్‌లో ఒకే పత్రం మీద పనిచేశాం. ఊళ్ళో పెద్దవాళ్ళు ఒక్కో పదాన్ని పలికితే వాలంటీర్లు గొంతు సందేశంగా పంపేవారు, మేము విని రాసేవాళ్ళం. కువిలో గొంతులో టక్కున ఆగే ఒక ధ్వని ఉంది, దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. దాన్ని ఎలా రాయాలన్న చర్చ ఆ పత్రం అంచున వ్యాఖ్యల్లో మూడు వారాలు నడిచింది. అందరం ఒక గదిలో కూర్చుని ఉంటే ఉపాధ్యాయుల మాటే నెగ్గేది. రాతలో కావడం వల్ల, మామూలుగా సమావేశాల్లో నోరు విప్పని వాలంటీరు కుర్రవాడు తన అభ్యంతరాన్ని ఉదాహరణలతో రాశాడు, చివరికి అందరం అతను చెప్పిన పద్ధతికే ఒప్పుకున్నాం. ఒకసారి ఎవరి వేలు తగిలిందో తెలియదు, 12 పేజీలు మాయమయ్యాయి. పత్రం చరిత్రలోకి వెళ్ళి నిన్నటి ప్రతిని వెనక్కి తెచ్చుకున్నాం. ఈ ఒక్క సదుపాయాన్ని మీ వాళ్ళందరికీ మొదటి రోజే చూపించండి, అప్పుడు వాళ్ళకు పత్రాన్ని ముట్టుకోవడానికి భయం ఉండదు.

ఇక్కడే తెలుగులో పనిచేసేవాళ్ళకు ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. మీ పాత పాఠాలు, పనిపత్రాలు డీటీపీ వాళ్ళ దగ్గర అను ఫాంట్లలో చేయించి ఉంటే, అవి ఫోనులో పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి, వెతికినా దొరకవు, ఎవరూ కలిసి దిద్దలేరు. వాటిని అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లోకి మార్చుకునే పనికి వేసవిలోనే ఒక మనిషిని పెట్టండి. మార్పిడి పరికరాలు ఉన్నాయి కానీ ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి కాబట్టి, ఒకసారి కళ్ళతో చదివి దిద్దవలసిందే. కొత్తగా కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ చూడండి. అక్కడి కథలు స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి, దించుకుని ముద్రించుకోవచ్చు, మీ పిల్లల మాటలోకి అనువదించుకోనూ వచ్చు.

2020లో బడులు మూతపడినప్పుడు ఆంధ్రలో సప్తగిరి చానల్లో, తెలంగాణలో టీశాట్, యాదగిరి చానళ్ళలో పాఠాలు ప్రసారమయ్యాయి. మా కొండ ఊళ్ళలో చాలా ఇళ్ళలో టీవీ కూడా లేదు. అప్పుడు మాకు అక్కరకు వచ్చినవి మెమరీ కార్డు పెట్టుకునే చిన్న స్పీకర్లు. కథలు, లెక్కల పాటలు కార్డుల్లో ఎక్కించి సంతలో మార్చుకునేవాళ్ళం. రచ్చబండ దగ్గర పది మంది పిల్లలు దూరదూరంగా కూర్చుని వినేవారు. ఇంటర్నెట్ లేకుండా నడిచే ఇలాంటి దారి ఒకటి మీ ప్రణాళికలో తప్పకుండా ఉండాలి, తుపాను వచ్చి టవరు పడిపోయిన రోజుల్లో కూడా పని ఆగకూడదు కదా.

డబ్బు లెక్కల్లో యాప్ ఖర్చు పెద్దది కాదు, మీ 20 కేంద్రాలకు కోబో ఉచిత ఖాతా సరిపోతుంది. వాలంటీర్ల రీచార్జి డబ్బును మాత్రం మొదటి వరుసలోనే రాసుకోండి. వాళ్ళ గౌరవ వేతనమే తక్కువ, అందులోంచి మన నివేదికల కోసం డేటా కొనిపించడం అన్యాయం. ఫోను లేని మహిళా వాలంటీర్లకు సంస్థ తరఫున ఫోన్లు కొనగలిగితే, అవి ఆమెవేనని ఇంట్లో వాళ్ళ ముందే చెప్పి ఇవ్వండి. మేము అలా చేసిన ఇళ్ళలో ఆ ఫోను ఆమె చేతిలోనే ఉంది, చెప్పకుండా ఇచ్చిన రెండు చోట్ల నెలలోపే చేతులు మారింది.

జూన్ నుంచి అన్నారు కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది. ఈ నెలలో ఏ యాప్‌నూ దించుకోకండి. మీరు అడగాలనుకుంటున్న ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి, జిరాక్సు తీసి, ఐదుగురు వాలంటీర్లకు ఇచ్చి, ఒక వారం నిజంగా నింపమనండి. వారం తరువాత వాళ్ళతో కూర్చుని, ఏ జవాబు తెలిస్తే రేపటి పాఠం మారుతుందో ఆ ప్రశ్నల చుట్టూ సున్నా చుట్టమనండి. సున్నా చుట్టినవి పదికి మించవని నా అంచనా. వాటిని మాత్రమే కోబోలోకి ఎక్కించండి, ఎక్కించేటప్పుడు ఆ ఐదుగురిలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. మీ ఊళ్ళలో సిగ్నల్ పరిస్థితి, వాలంటీర్ల ఫోన్ల వివరాలు ఇక్కడ రాస్తే, మేము వాడిన నెలవారీ పేజీ నమూనాను, దాని సూత్రాలను మీ 20 కేంద్రాలకు సరిపోయేలా మార్చి పంపుతాను.