పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇంటికి క్లీనింగ్ కంపెనీ: విశాఖలో నేను ఏం చూసి పిలుస్తానంటే

మీ అమ్మానాన్నలు ఎంవీపీ కాలనీలో ఇద్దరే ఉంటున్నారు, మీరేమో బెంగళూరులో ఉన్నారు, అప్పుడప్పుడూ ఇల్లంతా శుభ్రం చేయించాలంటే ఎవర్ని నమ్మాలి అని అడిగారు కదా. మా అమ్మ సీతమ్మధారలో ఒక్కతే ఉంటుంది, నేను గాజువాకలో ఉంటాను. కొన్నేళ్ళుగా ఆ ఇంటికి మనుషుల్ని మాట్లాడేది నేనే కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నేను ఫోన్ చేసి రేటు కంటే ముందు ఒకటి అడుగుతాను: "పనికొచ్చేవాళ్ళు మీ దగ్గర ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారండీ?" సొంత మనుషులున్న కంపెనీ తడుముకోదు. ఫలానా ఆమె మొదట్నుంచీ ఉంది, ఆ అబ్బాయి ఈ మధ్యే చేరాడు అని వెంటనే చెప్పేస్తారు. బుకింగ్ పట్టుకుని, ఆ పొద్దున దొరికిన కూలీలను పంపేవాళ్ళు నసుగుతారు. రోజుకూలీకి వచ్చేవాళ్ళు మంచివాళ్ళు కాదని కాదు. వాళ్ళకు ఏ రాయి మీద ఏం వాడాలో ఎవరూ నేర్పరు, ఏదైనా పాడైతే పూచీ పడేవాళ్ళూ ఉండరు. మనుషులు మారకుండా నిలబడ్డారంటే అక్కడ జీతం సరిగ్గా అందుతోందని అర్థం. నాకు స్టార్ రేటింగుల కన్నా అదే పెద్ద గుర్తు.

ఒకసారి బాగా పేరున్నదనుకున్న కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. ముగ్గురిలో ఎవరికీ ఓనరు పేరు తెలీదు. వంటింట్లో కడప బండ గట్టు మీద, హాల్లో మార్బుల్ మీద బాత్రూం యాసిడ్ పోసి రుద్దేశారు. ఆ రెండు రాళ్ళలోనూ ఉండేది సున్నమే, యాసిడ్ పడితే నురగ లేచి నునుపు పోతుంది. చారలు కట్టిన ఆ చోటు మళ్ళీ పాలిష్ పట్టిస్తే తప్ప బాగుపడలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే "ఆ టీమ్ మాది కాదండీ, సబ్ కాంట్రాక్టు" అన్నారు.

అందుకే ఇప్పుడు రెండో ప్రశ్న కూడా తప్పకుండా వేస్తాను: "కుళాయిల మీద బోరు నీళ్ళ తెల్ల మరకలు పోవడానికి ఏం వాడతారు?" "యాసిడ్ కొడితే అన్నీ పోతాయండీ" అంటే ఇక మాట్లాడను. కుళాయి మీద మెరుపు పూత కూడా దానికి పోతుంది. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కలిపి వాడే అలవాటున్నవాళ్ళను అసలే రానివ్వకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపు వేసి ఉన్న బాత్రూంలో అది ఊపిరి ఆడనివ్వదు. మీ నాన్నగారికి ఆయాసం లాంటిదేమైనా ఉంటే ఈ విషయం ముందే చెప్పి పెట్టండి.

మన ఊళ్ళో ఇల్లు శుభ్రం చేయడం పేటకో రకంగా ఉంటుంది. మీవైపు, లాసన్స్ బే వైపు ఉప్పు గాలికి కిటికీ గ్రిల్స్ తుప్పు పడతాయి. వాటిని తడిగుడ్డతో తుడిచి అలాగే వదిలేస్తే ఇంకా పాడవుతాయి, వెంటనే పొడిగుడ్డతో తడి లేకుండా తుడవాలి. పోర్టుకు దగ్గర్లో, జ్ఞానాపురం, పాతబస్తీ వైపు నల్లటి దుమ్ము దిగుతుంది. ముందు వాక్యూమ్ పట్టకుండా మాప్ పెడితే గచ్చంతా బురదవుతుంది. మీ ఇల్లు ఎక్కడో చెప్పగానే కంపెనీవాళ్ళు ఇలాంటివి తమంతట తామే ఎత్తారంటే నిజంగా ఇక్కడ పని చేసినవాళ్ళే.

ఇక కాగితాలు. బిల్లు ఇస్తామంటే జీఎస్టీ నంబరు అడగండి. అంకెలు, అక్షరాలు కలిపి పదిహేను ఉంటాయి, మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరు మీదుందో మీరే చూసుకోవచ్చు. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్నవాళ్ళకు సాధారణంగా ఆ నంబరు అవసరం లేదు, కాబట్టి లేనంత మాత్రాన కొట్టేయకండి. వాళ్ళ దగ్గర ఏమేం పనులు, మొత్తం ఎంత అన్నది ముందే వాట్సాప్‌లో రాయించుకుంటే చాలు. చిమ్నీ వేరు, అటక వేరు అని ఇంటికొచ్చాక రేటు పెంచడం ఇక్కడ మామూలే. డబ్బు పని అయ్యాకే ఇవ్వండి. అడ్వాన్సు వెనక్కి పంపిస్తాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అన్నారంటే అది మోసం, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అలా డబ్బు పోయినట్టయితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. పని చెడగొట్టి జవాబివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నేను ఒక్క విషయంలో మాత్రం ఎంత చెప్పినా వెనక్కి తగ్గను. పై అంతస్తు కిటికీ బయటివైపు తుడవడానికి బెల్టు లేకుండా సజ్జ మీదికి మనిషిని ఎక్కిస్తే, "పర్లేదమ్మా, అలవాటే" అన్నా సరే, ఆ పని ఆపించండి. ఆ అద్దాలు మురిగ్గా ఉన్నా ఫరవాలేదు. సెప్టిక్ ట్యాంకు కూడా మేమే దిగి చేసేస్తాం అనే కంపెనీని అక్కడితో వదిలేయండి. రక్షణ లేకుండా అందులోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది, ట్యాంకులో ఉండే విషవాయువుకు ప్రాణాలు పోతున్నాయి. తన మనిషి ప్రాణం పట్టనివాడికి మీ ఇల్లు పడుతుందా?

వచ్చేవాళ్ళ పేర్లు, ఫోటోలు ముందురోజే మీ ఫోన్‌కి పంపమనండి, అవి అమ్మగారికి చూపించండి. వేరే మొహాలు వస్తే తలుపు తీయనక్కర్లేదు, వాచ్‌మన్‌కీ అదే చెప్పండి. బంగారం, మందులు, కాగితాలు ఒక బీరువాలో పెట్టి తాళం వేయించండి. ఇంట్లో ఏదైనా కనబడకపోతే మొదట వేలు చూపించేది పనికొచ్చిన ఆడవాళ్ళ వైపే, ఆ తర్వాత ఆ వస్తువు దిండు కింద దొరికినా వాళ్ళకు జరిగిన అవమానం పోదు. వాళ్ళకు ఆ గతి పట్టించకుండా చూడటం మన పనే.

మొదటిసారే ఇల్లంతా అప్పగించకండి. వంటిల్లు, ఒక బాత్రూం చేయించి, అమ్మగారిని అడగండి, వాళ్ళు ఎలా మాట్లాడారో కూడా. నచ్చితే తర్వాత అదే మనుషుల్ని పంపమని గట్టిగా అడగండి. సంక్రాంతి, దసరా ముందు మాత్రం ఈ ప్రయోగం పెట్టుకోవద్దు, అప్పుడు మంచి కంపెనీలు కూడా చేతికందిన వాళ్ళను పంపుతాయి.