టెక్ సందేహాలు: జావా నేర్చుకుంటే జావాస్క్రిప్ట్ ఉచితమా?

ప్రశ్న: అనంతపురంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. జావా కోర్సులో చేరితే జావాస్క్రిప్ట్ కూడా అందులోనే వచ్చేస్తుందని ఒక కోచింగ్ సెంటర్‌లో చెప్పారు. నిజమేనా?

కాదు. ఫీజు కట్టకముందే అడిగి మంచి పని చేశారు. ఈ రెండు ప్రోగ్రామింగ్ భాషల మధ్య ఉన్నది చుట్టరికం కాదు, వ్యాపారం. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఒక చిన్న భాషను తయారుచేశారు. మొదట దాన్ని మోచా అన్నారు, తర్వాత లైవ్‌స్క్రిప్ట్ అన్నారు. సరిగ్గా అప్పుడే సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ల జావా అందరి నోళ్లలో నానుతోంది. రెండు కంపెనీలూ మాట్లాడుకుని, ఆ డిసెంబరులో దీనికి జావాస్క్రిప్ట్ అని పేరు మార్చి ప్రకటించాయి. ఆ మాటకొస్తే జావా కూడా పుట్టినప్పుడు జావా కాదు, ఓక్. జావాను తయారుచేసిన జేమ్స్ గోస్లింగ్ ఆఫీసు బయట ఉన్న చెట్టు పేరది. ఆ పేరు అప్పటికే వేరే కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో కాఫీ పేరు తగిలించారు. లోగోలో పొగలు కక్కే కప్పు అందుకే!

తేడా మీరే చూడొచ్చు. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. కన్సోల్ అనే చోట 2+3 అని కొట్టి ఎంటర్ నొక్కితే 5 వస్తుంది. అది జావాస్క్రిప్ట్ పని, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. జావాకైతే జేడీకే అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, రాసిన కోడ్‌ను కంపైల్ చేయాలి, అంటే నడిపే రూపంలోకి మార్చాలి. సిలబస్ కాగితం చేతికిమ్మని అడగండి. జావాస్క్రిప్ట్‌కు విడిగా క్లాసులు లేకపోతే అది రాదు, అంతే.

ప్రశ్న: ప్రొద్దుటూరులో మాది బట్టల అంగడి సార్. మా బ్లూటూత్ స్పీకర్ ఒకసారి పక్క అంగడాయనకు ఇచ్చినాం. అప్పట్నించి పొద్దున్నే దేవుడి పాటలు పెడదామంటే ఆయన ఫోన్‌కే కనెక్ట్ అవుతోంది. ఇంతకీ దీనికి బ్లూటూత్ అని పంటి పేరు ఎందుకు పెట్టినారు?

స్పీకర్ ఆన్ కాగానే చివరగా జతైన ఫోన్ కోసం వెతుక్కోవడం మామూలే. ఆయన ఫోన్‌లో బ్లూటూత్ సెట్టింగ్స్ తెరిచి, మీ స్పీకర్ పేరు పక్కనున్న గుర్తు నొక్కి 'ఫర్గెట్' కొట్టమనండి. అడగడానికి మొహమాటమైతే, స్పీకర్‌తో వచ్చిన పుస్తకంలో రీసెట్ ఎలాగో ఉంటుంది. రీసెట్ చేస్తే పాత జతలన్నీ పోతాయి, ముందు మీ ఫోన్ కలుపుకోండి.

ఇక పేరు సంగతి. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన హరాల్డ్ రాజు బిరుదు బ్లూటూత్. ఒక పన్ను చచ్చి రంగు మారడం వల్ల ఆ బిరుదు వచ్చిందంటారు. విడిపోయి ఉన్న ప్రజల్ని ఒక్కటి చేసిన రాజుగా ఆయనకు పేరు. ఫోన్లనూ కంప్యూటర్లనూ కలిపే పనికి ఈ పేరు సరిపోతుందని 1997లో ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ సూచించారు, అదీ అసలు పేరు కుదిరేదాకా వాడుకుందామని. రేడియోవైర్, ప్యాన్ అని వేరే పేర్లు అనుకున్నారు కానీ అవి కుదరలేదు, తాత్కాలికం కాస్తా శాశ్వతమైంది. మీ ఫోన్‌లోని ఆ గుర్తు హరాల్డ్ పేరులోని రెండు పొడి అక్షరాలను పాత రూనిక్ లిపిలో కలిపి గీసింది. నాకు నచ్చే లోగోల్లో ఇదొకటి.

ప్రశ్న: కర్నూలులో పోటీ పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. వై-ఫై ఫుల్ ఫామ్ ఏమిటి?

ఏమీ లేదు. 1999లో ఇంటర్‌బ్రాండ్ అనే పేర్లు పెట్టే కంపెనీ, పలకడానికి బాగుంటుందని పెట్టిన మాట అది. 'వైర్‌లెస్ ఫిడిలిటీ' అన్నది తర్వాత ప్రచారం కోసం తగిలించిన నినాదంలోని ముక్క. అయినా పరీక్షలో ఆ ఆప్షన్ కనిపిస్తే వాదన పెట్టుకోకుండా దానికే టిక్కు పెట్టి మార్కు తెచ్చుకోండి.