ఫోన్ పగలగొడితే కోపం పోతుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మా బాబుకి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. పోయిన వారం క్లాసులో ఒకబ్బాయి ముఖం మీద గుద్దాడు. ఆ పిల్లాడి పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి. వీడి ఫోన్ చూస్తే అన్నీ కాల్పుల గేములు, కొట్లాటల రీల్సే. మావారు స్కూల్లో అందరి ముందే చెంప మీద కొట్టారు. ఇంటికొచ్చి ఫోన్ నేలకేసి కొట్టబోతే నేను అడ్డుపడ్డాను. మావారికి కోపం వస్తే చేతిలో ఉన్నది విసురుతారు గానీ వాడంటే ప్రాణం. ఈ గేముల వల్లే వీడు ఇలా తయారయ్యాడా? రేపు నేరస్థుడు అవుతాడేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి వేశాం. అందులో రెండున్నర పేజీలు ఫోన్ గురించే. మీవారి కోపం గురించి ఒకే ఒక్క వాక్యం, అందులోనూ ఒక ‘గానీ’. నేను ఆ ‘గానీ’ దగ్గరే ఆగిపోయాను.

ముందు మీ నిద్ర సంగతి. టీనేజీలో గీత దాటే పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యేసరికి దారిలో పడతారు. చిన్నప్పుడే మొదలై జీవితాంతం కొనసాగే వాళ్లు కొద్దిమందే. టెరీ మాఫిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లోనే ఈ రెండు రకాలనూ విడదీసి చూపించారు. మీవాడు చేసింది చిన్న తప్పేం కాదు, కానీ ఒక్క గుద్దుతో వాడి జాతకం రాసెయ్యకండి.

ఇక ఫోన్. నేను ఇరవై ఏళ్లకు పైగా బాల నేరస్థుల హోమ్‌లో కౌన్సెలర్‌గా పనిచేశాను. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లాడి కోసం ఒక ఫారం నింపేవాళ్లం. అందులో ‘చూసే సినిమాలు’ అని ఒక గడి ఉండేది. అందరూ ఫైటింగ్ సినిమాల పేర్లే చెప్పేవాళ్లు. ఒకరోజు ఇంటికెళ్లి మా అబ్బాయిని అడిగితే వాడూ అవే పేర్లు చెప్పాడు! ఆ గడి మీద నాకు నమ్మకం పోయింది. దాని బదులు ఇంకో ప్రశ్న అడగడం మొదలుపెట్టాను: “రాత్రి నువ్వు ఇంటికి రాకపోతే ఎవరికి, ఎప్పుడు తెలుస్తుంది?” కొందరు నవ్వేసేవాళ్లు. ఒకడు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకుని “మూడో రోజుకి తెలుస్తుందేమో” అన్నాడు. వాడికి పదమూడేళ్లు.

పిల్లాడు ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేకపోవడం బాల నేరాలతో బాగా ముడిపడి ఉంటుందని పరిశోధనలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి.

అలాగని తెర ఏమీ చేయదనడం లేదు. మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘమైన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో చెప్పిన మాట నాకు సబబుగా తోస్తుంది: హింసాత్మక గేములకూ అరుపులు, తోపులాటల వంటి వాటికీ చిన్నపాటి సంబంధం ఉంది. అంతకు మించిన తీవ్రమైన హింసకు గేములే కారణమనడానికి మాత్రం తగినంత ఆధారం లేదు.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. 66 మంది చిన్నపిల్లలకు ఒక ఫిల్మ్ చూపించారు. అందులో ఒక పెద్దమనిషి పెద్ద ప్లాస్టిక్ బొమ్మను చితకబాదుతాడు. కొందరికి అతన్ని మెచ్చుకున్నట్టు, కొందరికి అతనికి శిక్ష పడ్డట్టు, ఇంకొందరికి ఏమీ జరగనట్టు చూపించారు. శిక్ష చూసిన పిల్లలు బొమ్మ జోలికి తక్కువగా వెళ్లారు. మంచిదే అనుకుంటాం. తర్వాత “ఆయనేం చేశాడో చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తాం” అన్నారు. అంతే, మూడు గుంపుల పిల్లలూ దాదాపు ఒకేలా చేసి చూపించారు! అంటే ఎలా కొట్టాలో అందరికీ వచ్చేసింది. చేయాలా వద్దా అన్నది మాత్రం కొడితే ఏమవుతుందన్న దాన్ని బట్టే తేలింది.

మరి కొడితే ఏమవుతుందో మీవాడు రోజూ చూస్తున్నది ఎక్కడ? ఇంట్లోనే కదా. నాన్న ఏదో విసరగానే గది మొత్తం నిశ్శబ్దం. నాన్న అన్నదే నెగ్గింది. మీ సంగతీ చూద్దాం. మీరు “ఫోన్ పెట్టెయ్” అంటారు. వాడు విసుక్కుంటాడు. మీరు గొంతు పెంచుతారు. వాడు తలుపు ధడాలున వేస్తాడు. “సరే, ఇంకో పది నిమిషాలు” అని మీరు తగ్గుతారు. ఆ పూటకి మీకు ప్రశాంతత, వాడికి ఫోన్. రేపు తలుపు ఇంకాస్త గట్టిగా మోగుతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి, కొట్లాటలకు దిగే పిల్లల విషయంలో ఈ మెలికనే పట్టుకున్నారు. (ఇది చదివిన రోజు నాకు మా ఇల్లే గుర్తొచ్చింది, దాచడమెందుకు.)

కాబట్టి ఫోన్ పగలగొట్టకండి. కోపం వస్తే వస్తువులు పగలగొట్టాలన్న పాఠం మళ్లీ ఒకసారి చెప్పినట్టవుతుంది. రాత్రిపూట మాత్రం అది మీ గదిలో ఉండాలి. నిద్ర చాలని పిల్లాడికి చిరాకు ముక్కు మీదే ఉంటుంది. టైమ్ అయిపోయిందని ఒకసారి చెబితే అయిపోయినట్టే. అరవొద్దు, తగ్గొద్దు. మొదటి వారం నరకమే, ముందే చెబుతున్నాను. గేముల మీద వయసు గుర్తు ఉంటుంది, 18 అని ఉన్నవి తీసేయించండి. మిగతావి ఒకట్రెండు సార్లు వాడి పక్కన కూర్చుని మీరూ ఆడండి. ఓడిపోతారు, పర్లేదు. వాడి ఫ్రెండ్స్ పేర్లు తెలిసేది అప్పుడే.

విసిరినవి ఎప్పుడైనా మీకో, వాడికో తగిలి ఉంటే అది వేరే సంగతి. ఆ విషయం దాచకుండా మీ వైపు పెద్దవాళ్లతోనూ కౌన్సెలర్‌తోనూ చెప్పండి.

ఇక్కడి నుంచి మీవారికి. బాబూ, ఆ చెంపదెబ్బ గురించి మీ అబ్బాయితో “నేను అలా చేయాల్సింది కాదు” అని ఒక్కసారి చెప్పండి. తర్వాత వాణ్ణి వెంటబెట్టుకుని, అవతలివాళ్లు ముందుగా ఒప్పుకుంటే, ఆ దెబ్బ తిన్న అబ్బాయి ఇంటికి వెళ్లండి. రీల్స్‌లో గుద్దు వరకే చూపిస్తారు. కుట్లు పడ్డ పెదవితో ఆ పిల్లాడు నీళ్లు ఎలా తాగుతున్నాడో మీవాడు దగ్గరుండి చూడాలి. అక్కడ మాట్లాడాల్సింది వాడు, మీరు కాదు. తడబడతాడు, అందించకండి.

వెళ్లొచ్చాక నాకు రాయండి. ఈసారి ఉత్తరం మీరు రాయండి బాబూ, ఆవిడ కాదు.