బైలకుప్పెలో టిబెటన్లు నిజంగా తగ్గిపోతున్నారా?

కూర్గ్ వెళ్తూ, కర్ణాటకలోని టిబెటన్ శరణార్థుల స్థావరం బైలకుప్పెలో గోల్డెన్ టెంపుల్ అనే బౌద్ధ మఠం దగ్గర ఆగితే ఎటు చూసినా లామాలే కనిపించారు, మరి జనాభా తగ్గుతోందని ఎందుకంటారని అడిగారు. పక్కనే ఉన్న కుశాలనగర్‌లో కొన్నేళ్లు బ్యాంకు ఉద్యోగం చేశాను కాబట్టి చెప్తున్నా: తగ్గుతున్న మాట నిజమే.

మీరు చూసిన లామాల్లో చాలామంది లద్దాఖ్, అరుణాచల్, నేపాల్, భూటాన్ వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఇక్కడి శరణార్థి క్యాంపుల్లో ఉండే టిబెటన్ కుటుంబాలు కొడుకుని మఠానికి ఇవ్వడం బాగా తగ్గింది. ఇంటికి ఒకరో ఇద్దరో పిల్లలైతే ఎవరిని ఇస్తారు? ప్రవాస టిబెటన్లలో 1980ల చివర ఒక్కో తల్లికి సగటున ఐదుగురు పిల్లలుండేవారు. 2001 నాటికే ఆ సగటు రెండు కంటే దిగువకు వచ్చేసింది. పైగా 2008 దాకా ఏటా రెండు మూడు వేలమంది టిబెట్ నుంచి హిమాలయాలు దాటి వచ్చేవారు. ఆ ఏడు టిబెట్ రాజధాని లాసాలో అల్లర్ల తర్వాత చైనా సరిహద్దు బిగించడంతో ఆ రాక దాదాపు ఆగిపోయింది.

అసలు దెబ్బ విదేశీ వలసలది. మా కౌంటర్‌కి చారల ఏప్రన్ కట్టుకుని, చేతిలో జపమాలతో మోలాలు (అమ్మమ్మల్ని అలాగే పిలుస్తారు) వచ్చేవారు. ఫోన్ నా ముందు పెడితే, టొరంటో నుంచి కూతురు వీడియో కాల్‌లో ఏ ఫారం ఎలా నింపాలో చెప్పేది. ఇక్కడ చాలామందికి ఉన్నది ఆర్‌సీ అనే శరణార్థి గుర్తింపు పుస్తకమే. దాంతో ప్రభుత్వ ఉద్యోగం రాదు, సొంతంగా భూమి కొనడమూ కష్టమే. డిగ్రీ చదివిన కుర్రాడు మొక్కజొన్న చేలోనో, చలికాలం స్వెటర్ల దుకాణంలోనో ఎందుకు ఉండిపోతాడు? 1990 నాటి చట్టం కింద అమెరికా వెయ్యిమంది టిబెటన్లకు వీసాలిచ్చింది. వాళ్ల వెనకాలే కుటుంబాలూ వెళ్లాయి. 2009లో ప్రవాస టిబెటన్ల జనగణన ప్రకారం భారత్‌లో 94 వేల మంది ఉన్నారు, తర్వాతి భారత హోం శాఖ లెక్కల్లో అది 72 వేల దగ్గరికి దిగింది.

ఇదంతా ప్రవాసంలో ఉన్నవాళ్ల లెక్క. దీన్ని పట్టుకుని టిబెటన్లే అంతరించిపోతున్నారని వాట్సాప్‌లో తిప్పేవాళ్ల మాట నమ్మకండి. చైనా జనగణన ప్రకారం అక్కడి టిబెటన్లు 2010లో సుమారు 63 లక్షలు, 2020లో 70 లక్షలు దాటారు. అక్కడ టిబెటన్ల బెంగ పిల్లల చదువు గురించి, చైనీస్ మీడియం హాస్టల్ బడుల్లో పెరిగే పిల్లలకు సొంత భాష మిగులుతుందా అని.